కరెంటు పోయినప్పుడు మోగే ఆట

ఎల్లారెడ్డి దాటి కామారెడ్డి తోవ పట్టగానే ఎడమ పక్కన, పాడుబడ్డ రైసుమిల్లు గోడను ఆనుకొని ఒక రేకుల గది ఉండేది. పొద్దుగూకితే ఆ గది ముందు ఎవరూ బండి ఆపేవాళ్ళు కాదు. బండే మొరాయించి ఆగిపోతే, దిగి మలుపు దాకా తోసుకుంటూ పోయి అక్కడ కిక్కు కొట్టేవాళ్ళు.

దెయ్యాలున్నాయన్న చోట్లు ఏ ఊరికైనా ఒకటో రెండో ఉంటాయి. అక్కడ గజ్జెలు మోగుతాయంటారు, ఆడమనిషి ఏడుస్తుందంటారు. ఈ గది సంగతి అది కాదు. ఇక్కడ వినిపించేది టీవీ గేము చప్పుడు. బొమ్మ ఎగిరితే టుంగ్... మెట్టు మీద పడితే టప్... వెనక సన్నగా, జలుబు చేసిన పిల్లనగ్రోవిలాగా ఒకటే పాట, తిరిగి తిరిగి.

అది కూడా కరెంటు ఉన్నప్పుడు కాదు. పోయినప్పుడే.

ఊరంతా చీకటి... టీవీలు బంద్, ఫ్యాన్లు బంద్. జనం వాకిట్లో మంచాలేసుకొని, చేతికి దొరికిన అట్టముక్కతో విసురుకుంటూ ఉంటారు. అప్పుడు, తాళం పడి ఉండాల్సిన ఆ గదిలోంచి — టుంగ్... టుంగ్...

కరెంటు లేకుండా టీవీ గేము ఎట్లా నడుస్తుంది? ఆడేవాడికి కరెంటుతో పని లేకపోతే నడుస్తుంది. జనం మాట అది.

ఐస్‌క్రీము బండివాడొకడు విని జ్వరంతో మంచం పట్టాడట. కల్లు తాగి వస్తున్న ఇంకొకడు గది ముందు నిలబడి, "ఓ అన్నా, నాకొక్క ఆట ఇయ్యరాదే" అని అడిగాడట. లోపల చప్పుడు ఇంకా జోరయిందట. మరునాడు పొద్దున వాడి చెప్పులు గది ముందు దొరికాయి. వాడు ఊరవతల దొరికాడు.

ఇట్లాంటివి చెప్పి నవ్వుకునేవాళ్ళు. నవ్వినవాళ్ళు కూడా ఆ దారిన పోయేటప్పుడు మాత్రం ఏదో ఒకటి పాడుకుంటూ పోయేవాళ్ళు.

నవ్వనివాడు ఒక్కడే. గంగారాం.

గంగారాంకు కామారెడ్డిలో, స్టేషను రోడ్డులో సెల్‌ఫోన్ల దుకాణం. ఆ గదిలో ఉన్నదెవరో, ఎందుకు పోలేకపోతున్నాడో అతనికి తెలుసు. తెలిసి నోరు మూసుకున్నాడు. అందుకే పెద్దకొడప్‌గల్ దిక్కు పని పడితే, తిన్నగా ఎల్లారెడ్డి మీదుగా రాకుండా బాన్సువాడ మీదుగా చుట్టు తిరిగి వచ్చేవాడు. పెట్రోలు దండగ కదా అని భార్య అంటే, ఆ రోడ్డు బాగుంటుందనేవాడు.

ఆ గది ఒకప్పుడు అతనిది కూడా. సగం అతనిది, సగం అబ్రాహాముది.

రెండువేల తొమ్మిదిలో గది కిరాయికి తీసుకొని, ఇద్దరూ కలిసి టీవీ గేముల దుకాణం పెట్టారు. రెండు పాత టీవీలు, రెండు గేము మిషన్లు, సంచెడు క్యాసెట్లు. అడాప్టరు వేడెక్కితే తడిగుడ్డ చుట్టేవాళ్ళు. క్యాసెట్టు పట్టకపోతే అబ్రాహాము దాన్ని తీసి, కళ్ళు మూసుకొని, పొయ్యి ఊదినట్టు ఊది మళ్ళీ పెట్టేవాడు. పట్టేది. గంగారాం ఊదితే పట్టేది కాదు. "నీ నోట్ల నిజం లేదురా తమ్మీ" అని వెక్కిరించేవాడు అబ్రాహాము.

అబ్రాహాము పెద్దవాడు, అన్న అని పిలిపించుకునే వయసు. నల్లగా, పొడుగ్గా, మాటకు ముందు నవ్వు. పెళ్ళయిన మగవాడు బొమ్మలతో ఆడుకోవడమేమిటని చర్చి సంఘం పెద్దలు మందలిస్తే, "అయ్యగారూ, ఒక్కసారొచ్చి ఆడుండ్రి, మల్ల మాట్లాడుకుందం" అన్నాడంటారు.

గిరాకీలు వెళ్ళిపోయాక ఇద్దరూ ఆడే ఆట ఒకటుండేది. దాని పేరు ఎవరికీ తెలియదు. క్యాసెట్టు మీద ఏవో జపాను అక్షరాలు. వీళ్ళు 'కోట' అనేవాళ్ళు. ఎర్ర టోపీవాడు, నీలం టోపీవాడు, ఇద్దరు అన్నదమ్ములు, ఒక కోటలో అంతస్తు మీద అంతస్తు ఎక్కుతూ పోతారు. ఎర్ర టోపీ అబ్రాహాముది. నీలం టోపీ గంగారాంది. పైన ఏముందో వీళ్ళు ఎన్నడూ చూడలేదు.

ఎందుకు చూడలేదంటే, కరెంటు.

ఆ మిషనుకు గుర్తుండదు. కరెంటు పోయిందంటే ఎక్కిన అంతస్తులన్నీ పోయినట్టే. మళ్ళీ కింది మెట్టు నుంచి మొదలు. ఆ ఏండ్లలో ఎల్లారెడ్డి పక్కన కరెంటు ఎట్లా ఉండేదో అనుభవించినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పగలు ఇవ్వరు. సాయంత్రం ఇచ్చినట్టే ఇచ్చి తీసేస్తారు. పొలాలకు మాత్రం నడిరాత్రి వదిలేవాళ్ళు. రైతు చీకట్లో, పాములు తొక్కుకుంటూ పోయి మోటరు వేసుకోవాలి. వేసుకోబోయి తీగ తగిలి ఎందరు పోయారో!

పైకి వచ్చాం వచ్చాం అనుకునేసరికి టీవీ చుక్కయి ఆరిపోయేది. చీకట్లో ఇద్దరూ తిట్టుకునేవాళ్ళు, నవ్వుకునేవాళ్ళు. "ఎన్నడన్న ఒకనాడు చూస్తం తమ్మీ. ఇద్దరం చూస్తం" అనేవాడు అబ్రాహాము.

తర్వాత గంగారాం కామారెడ్డికి పోయాడు. మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించే దుకాణం పెట్టాడు. అక్కడే తెలిసింది అతనికి — ఎమ్యులేటర్ అని ఒకటుంటుందని. అది కంప్యూటర్‌కో ఫోన్‌కో పాత గేము మిషను వేషం వేయిస్తుంది. వాళ్ళ సంచెడు క్యాసెట్లూ గోరంత కార్డులో పట్టాయి. ఎక్కడ ఆపితే అక్కడి నుంచే మళ్ళీ ఆడుకోవచ్చు. కరెంటు పోతే పోనీ, బ్యాటరీ ఉంది.

గంగారాం వాటిని అందరి ఫోన్లలో ఎక్కించాడు. కొన్నాళ్ళకు ఎల్లారెడ్డి బస్సులో సగం మంది అవే ఆటలు ఆడుకుంటూ పోయేవాళ్ళు. రేకుల గదికి ఇంకెవరు వస్తారు?

అబ్రాహాము ఒక్క మాట అనలేదు. అదే గంగారాంకు గుచ్చుకునేది. తిడితే పోయేది. తిట్టకపోగా ఆదివారం ఆరాధన అయిపోగానే ఫోను చేసేవాడు. "తమ్మీ, ఇయ్యాల కరెంటు నిలవడ్డది. రారాదు, కోట ఎక్కుదం."

ఒక ఆదివారం సాయంత్రం దుకాణం నిండా గిరాకీ. అబ్రాహాము ఫోను. చుట్టూ నిలబడ్డ పడుచువాళ్ళు వింటున్నారు. ఇంకా టీవీ గేము ఆడే స్నేహితుడున్నాడంటే నవ్వుతారని గంగారాంకు సిగ్గు. ఇంకోపక్క వీడు మళ్ళీ పిలవకుండా చేయాలన్న చిరాకు. నాలుక మీదికి ఏది వస్తే అది అనేశాడు.

"అన్నా, కోట నేను ఎప్పుడో ఎక్కిన. కంప్యూటర్ల ఆడి కడాకరిదాంక పోయిన. అయిపోయిందది."

అవతల నెమ్మదిగా, "ఏమున్నదిరా పైన?"

గిరాకీలు చూస్తున్నారు. గంగారాం అల్లేశాడు. పెద్ద తలుపులు తెరుచుకుంటాయన్నాడు. కోటంతా దీపాలు వెలుగుతాయన్నాడు. అన్నదమ్ములిద్దరూ గుండెలకు హత్తుకొని అలాయిబలాయి తీసుకుంటారన్నాడు.

"సరే తమ్మీ" అన్నాడు అబ్రాహాము. అంతే. పెట్టేశాడు.

ఆ రాత్రి ఊరికి కరెంటు లేదు. పొలాల తీగలోకి వదిలారు. అబ్రాహాము గది వెనక స్తంభం ఎక్కి ఆ తీగకు వైరు కొండి తగిలించబోయాడు. తెల్లారి చూసినవాళ్ళు, చేతిలో వైరు అట్లాగే ఉందన్నారు.

కరెంటు దొంగ అన్నారు. ఇవ్వాల్సినప్పుడు ఇవ్వనివాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు. పగలల్లా ఎండగట్టి, నడిరాత్రి తీగలోకి చావును వదిలినవాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు. చచ్చినవాడు దొంగయ్యాడు. దొంగతనం చేస్తూ పోయాడు కాబట్టి పెండ్లానికి పైసా రాదన్నారు. టీ కొట్టు దగ్గర, బస్సులో, గంగారాం దుకాణంలోనే ఆ మాట ఎన్నిసార్లో అన్నారు. గంగారాం వింటూ పాటలు ఎక్కించాడు.

సమాధి దగ్గర తలా పిడికెడు మట్టి వేస్తున్నప్పుడు అతను వేయలేకపోయాడు. జనం వెనక నిలబడ్డాడు. పిడికిట్లోకి తీసుకున్న మట్టి కామారెడ్డి దాకా జేబులోనే వచ్చింది.

ఎందుకంటే ఆ మనిషి స్తంభం ఎందుకెక్కాడో భూమ్మీద తెలిసినవాడు తనొక్కడే అనుకున్నాడు. ఇంకొకటి కూడా తనకొక్కడికే తెలుసు. కోట పైదాకా అతను ఎన్నడూ పోలేదు. ఆ ఆటను కంప్యూటర్లో ఒక్కసారి తెరిచి, పక్కన అన్న లేకుండా ఆడబుద్ధి కాక, రెండో అంతస్తులోనే మూసేశాడు.

దీపాలు లేవు. అలాయిబలాయి లేదు. ఉత్త అబద్ధం. దాన్ని నమ్మి మనిషి పోయాడు.

రెండువేల పద్నాలుగు వానాకాలం. పెద్దకొడప్‌గల్‌లో చుట్టాల ఇంట్లో తొట్టెల పండుగకు పోయి, గంగారాం బైకు మీద తిరిగి వస్తున్నాడు. బాన్సువాడ దారిలో వాగు పొంగి వంతెన మీదికి వచ్చిందన్నారు. ఆగిపోదామా అనుకున్నాడు. చుట్టాలు ఎల్లారెడ్డి మీదుగా పొమ్మన్నారు. ఎందుకు పోనో వాళ్ళకు చెప్పలేడు కదా. బయల్దేరాడు.

ఎల్లారెడ్డిలోకి వచ్చేసరికి ఊరు దీపాలతో ఉంది. అమ్మయ్య అనుకున్నాడు. బజారు దాటాడు. చివరి ఇండ్లు దాటాడు.

కరెంటు పోయింది.

వెనక ఊరంతా ఒక్కసారి "హో..." అన్నది. తర్వాత అదీ లేదు. ముందు బైకు లైటు, లైటులో వాన తుంపర. ఎడమ పక్కన మిల్లు గోడ.

గేరు మార్చి జోరుగా పోవాలనుకున్నాడు. చెయ్యి మాట వినలేదు. బండి తనంతట తానే నెమ్మదించినట్టయింది. నెమ్మదించింది తానే.

టుంగ్...

గాలేమో. రేకేమో.

టుంగ్... టుంగ్...

ఇంజను ఆపాడు. ఎందుకు ఆపాడో తర్వాత కూడా చెప్పలేకపోయాడు. చీకట్లో, వాన సన్నగా రేకుల మీద పడుతుంటే, ఆ చప్పుడు వెనక నుంచి పాట లేచింది.

అది కోట పాట.

వేరే ఏ ఆటయినా పారిపోయేవాడే. ఇది వాళ్ళ పాట. ఎన్ని రాత్రులు విన్నాడు! బొమ్మ మెట్టు ఎక్కే ముందు మూడుసార్లు ఉన్నచోటనే ఎగురుతోంది. మూడుసార్లు ఎగిరి అప్పుడు ఎక్కడం అబ్రాహాము అలవాటు. "దమ్ము తీసుకోనియ్యిరా" అనేవాడు.

కాళ్ళే గంగారాంను గది వైపు తీసుకుపోయాయి. తలుపుకు తాళం లేదు. ఓరగా వేసి ఉంది. సందులోంచి సన్నని వెలుగు... నీలంగా, వణుకుతూ.

"అన్నా..."

గొంతు రాలేదు. గాలి మాత్రం వచ్చింది.

లోపల ఎవరో కదిలారు. నీలం వెలుగులో ఒక ముఖం పైకి లేచింది. తల మీద కొంగు.

"రా గంగారాం. తలుపు దగ్గరికెయ్యి. దోమలొస్తయి."

లిదియా. అబ్రాహాము భార్య.

గోడకు ఆనుకొని చాప మీద కూర్చుంది. చేతిలో టచ్ ఫోను. ఫోనులో కోట. ఎర్ర టోపీవాడు మెట్ల మీద ఎగురుతున్నాడు.

గంగారాం గోడ పట్టుకొని అట్లాగే కిందికి జారి కూర్చున్నాడు. నవ్వు వచ్చింది, ఏడుపు వచ్చింది. ఇన్నాళ్ళూ ఊరు భయపడ్డ దెయ్యం ఇదా! బ్యాటరీ మీద నడిచే ఫోను. తన లాంటి వాళ్ళు ఎక్కించిన ఆట. కరెంటు లేకుండా ఆట ఎట్లా మోగుతుందని అడిగినవాళ్ళెవరికీ ఈ ముక్క తట్టలేదు. ఆ వ్యాపారమే చేసే తనకు కూడా తట్టలేదు.

"వదినా, ఊరంత దెయ్యమనుకుంటున్నరు తెలుసా?"

"అనుకోనియ్యి. దెయ్యమంటెనే నయం. లిదియా రాత్రిపూట ఒక్కతి గదికి వోతున్నదంటె ఇంకేమో అంటరు."

అందుకే వెలుగు పోయినప్పుడే వస్తుందట. పగలు బీడీలు చుట్టే పని, రాత్రి ఇంట్లో అత్త. చీకటి పడ్డప్పుడు ఎవరూ ఎవరినీ చూడరు. గది కిరాయికి అడిగేవాళ్ళు లేరు కాబట్టి గది యజమాని తాళంచెవి ఆమె దగ్గరే వదిలేశాడు. మూలన పాత టీవీ అట్లాగే ఉంది. దాని మీద దుమ్ము. దాని ముందు రెండు ఇనుప స్టూళ్ళు.

"ఆట యాడ దొరికింది వదినా?" అని అడిగాడు గంగారాం, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

"నీ దుకాణంలనే ఎక్కిచ్చుకున్న. నువ్వు ఎనక తలుపుకెల్లి పోయినవ్. అంగీ కనవడ్డది."

గంగారాం తల దించుకున్నాడు. నిజమే. ఆమె రోడ్డు దాటి వస్తుంటే చూసి, పనివాడికి అప్పజెప్పి వెనక నుంచి జారుకున్నాడు.

ఆమె గొంతులో కోపం లేదు. బొటనవేళ్ళు ఫోను మీద పరుగెత్తుతూనే ఉన్నాయి. బీడీలు చుట్టే వేళ్ళు, వాటికి ఏది నేర్పినా తొందరగా వస్తుంది. మొదట ఒక్క మెట్టు కూడా ఎక్కలేకపోయిందట. తర్వాత తర్వాత వచ్చిందట.

"మీ అన్న ఏం జూద్దామని ఆ స్తంభం ఎక్కిండో, అది జూద్దామని నేర్సుకున్న" అంది. "ఆ పొద్దు ఆయన నీతోని మాట్లాడుతుంటె పక్కకే ఉన్న. ఫోను వెట్టి నవ్విండు. తమ్ముడు జూసిండట, నేను జూడకుంట పోతనా అన్నడు."

గంగారాం తలెత్తాడు. తెలుసు. ఈమెకు మొదటినుంచీ తెలుసు.

"నిన్ను ఒక్కనాడు తిట్టుకోలే. నువ్వు జూసినవ్, జూసింది చెప్పినవ్. దాంట్ల తప్పేమున్నది?" లిదియా అతని వైపు తిరిగింది. "ఏం జూసినవ్ గంగారాం? మల్లొక్కసారి చెప్పు."

పాట తిరుగుతూనే ఉంది. తుంపర రేకుల మీద పడుతూనే ఉంది.

"తలుపులు... తెరుసుకుంటయి వదినా" అన్నాడు. "దీపాలు..."



లిదియా ఫోను అతని ముందుకు పెట్టింది. ఎర్ర టోపీవాడు చిట్టచివరి అంతస్తుకు వచ్చాడు. పెద్ద తలుపు. తలుపుకు ఈ పక్కన ఒక రాయి, ఆ పక్కన ఒక రాయి. ఎర్ర టోపీవాడు ఒక రాయి మీద నిలబడితే అది కిందికి దిగింది. రెండో రాయి దిగలేదు. నీలం టోపీవాడు మెట్ల దగ్గర ఉత్తగా నిలబడి ఉన్నాడు. ప్రతి అంతస్తుకూ వాడు తనంతట తానే వెంట వస్తాడు గానీ, ఆడించేవాడు లేకపోతే అడుగు వేయడు. ఎర్ర టోపీవాడు ఇటు దిగి అటు ఎక్కితే మొదటి రాయి పైకి లేస్తుంది.

"ఈ తలుపు ఇద్దరు నిలవడ్తెనే తెరుసుకుంటది" అంది లిదియా. "నేను ఈడిదాంక వచ్చి ఎన్నో దినాలాయె. పక్కకు ఇంకొకలు లేకుంట ఇది తెరుసుకోదు. నువ్వొక్కనివి ఎట్ల తెరిసినవ్?"

గంగారాం ఆ తలుపు వైపే చూశాడు. మొదటిసారి చూస్తున్నాడు దాన్ని. అతనికి ముందుగా తట్టింది తన అబద్ధం కాదు. ఆ రాత్రి కొండి సరిగ్గా పడి, కరెంటు వచ్చి, అబ్రాహాము తెల్లవార్లూ ఆడినా... ఒక్కడు. ఈ తలుపు ముందు ఒక్కడు కూర్చుండిపోయేవాడు. తమ్ముడు చూశాడన్న దీపాల కోసం ఇటు రాయీ అటు రాయీ ఎక్కుతూ.

"ఆ పాట బంద్ చెయ్యి వదినా" అన్నాడు. "చెప్పలేకపోతున్న."

లిదియా అతని ముఖంలోకి చూసింది. ఫోను ముట్టుకోలేదు.

"చెప్పు" అంది.

చెప్పాడు. పాట మోగుతుండగానే చెప్పాడు. గిరాకీల ముందు సిగ్గుపడ్డది, పిలవడం మానేస్తాడని అన్నది, దీపాలు అల్లింది, అలాయిబలాయి అల్లింది. తన దుకాణంలోనే దొంగ అంటుంటే విన్నది. మట్టి వేయనిది. చెప్పి ఆమె కాళ్ళ వైపు వంగాడు.

ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"నాకు చెప్తె ఏమొస్తది? అబద్ధం ఎవలకు చెప్పినవో నిజం గూడ వాళ్ళకే చెప్పు."

ఫోను ఒళ్ళోకి తీసుకొని, గడ్డంతో మూల వైపు చూపింది. చచ్చిన టీవీ. రెండు స్టూళ్ళు.

గంగారాంకు ఇదేం పిచ్చి అనిపించలేదు. లేచాడు. తన స్టూలు ఏదో చీకట్లో కూడా తెలుసు. దాని మీద కూర్చున్నాడు. పక్క స్టూలు వైపు చూడలేకపోయాడు. టీవీ అద్దంలో ఫోను వెలుగు మసగ్గా పడుతోంది.

టుంగ్... టుంగ్... టుంగ్...

"అన్నా..."

ఈసారి గొంతు వచ్చింది.

"అన్నా, నేను పైదాంక పోలే. అంత అబద్ధం. పైన ఏమున్నదో నాకు తెల్వదు. నువ్వు లేకుంట నేను ఆడనే లేదు. నువ్వు దొంగవు కాదు, దొంగను నేను. రేపు పదిమందిల చెప్త. నువ్వు ఇంక... దిగిరా అన్నా."

పాట తెగింది.

నెమ్మదించి ఆగడం కాదు. మధ్యలో, ఊపిరి పట్టినట్టు ఠక్కున తెగింది. వాన చప్పుడొక్కటే మిగిలింది. ఎక్కడో ఊళ్ళో కుక్క మొరిగింది.

గంగారాం ముఖం తుడుచుకున్నాడు. ఇన్నాళ్ళ బరువు దిగినట్టయింది. పుణ్యాత్మురాలు, చెప్పినంతసేపూ ఓపిక పట్టి ఇప్పుడు బంద్ చేసింది అనుకున్నాడు. వెనక్కి తిరిగాడు.

లిదియా ఫోను ఆపలేదు. ఆమె ఒళ్ళో అది వెలుగుతూనే ఉంది. ఆట నడుస్తూనే ఉంది. ఆమె బొటనవేలు తగిలి ఎర్ర టోపీవాడు ఎగిరాడు, పడ్డాడు, మళ్ళీ ఎగిరాడు. చప్పుడు లేదు.

ఆమె అతన్ని చూడటం లేదు. పక్క స్టూలు వైపు చూస్తోంది. కళ్ళ నిండా నీళ్ళు.

"పోయిండు" అంది మెల్లగా. "నువ్వు నిజం చెప్తెనే పోతడని నాకు తెలుసు. అయినా ఇన్ని దినాలు నిన్ను పిలువలే."

"ఏంది వదినా... ఫోను..."

"ఇది ఎవలో వాడి పారేస్తే కొనుక్కున్న ఫోను గంగారాం. కొన్నకాడికెల్లి దీనికి సప్పుడు లేదు. నేను కండ్లతోనే ఆడుత."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సప్పుడు ఆయనదే. అది ఇనుకుంట కూసుందామనే వస్తుంటి."